డీజిలు కంపెనీది, స్నానం డ్రైవరుది

వేడి వేడి పప్పు గిన్నె ముందు పెట్టినా ఆ సర్దార్జీ కూర్చోలేదు. నన్ను ఆశ్చర్యపరచింది అదే.

2024 వేసవి సెలవుల్లో డాలస్‌లోని మా తమ్ముడి ఇంటికి వెళ్లాము. అక్కడినుంచి కారులో గ్రాండ్ కాన్యన్ చూడబోతూ, అమరిల్లో ఊరి దగ్గర ఇంటర్‌స్టేట్ 40 అనే పెద్ద రోడ్డు పట్టుకుని పడమటికి తిరిగాము. కనుచూపు మేర గడ్డినేల, గాలిమరలు, రోడ్డుమీద బారులు తీరిన లారీలు. ఇంటిదగ్గర కట్టుకున్న పులిహోర మొదటి పూటకే చెల్లిపోయింది. రొట్టెముక్కల మధ్య ఆకులు పెట్టి ఇచ్చే ఫలహారానికి మా ఆవిడ ససేమిరా అన్నది. అటువంటి సమయంలో గురుముఖి అక్షరాల బోర్డు కనబడితే ఎల్లా ఉంటుందో ఊహించుకోండి! ఓక్లహామా మొదలు న్యూమెక్సికో దాకా ఆ దారివెంట ఇల్లాంటి పంజాబీ డాబాలు చాలా వెలిశాయట. అమెరికాలో లారీ నడిపే వృత్తిలోకి పంజాబీలు వేలకు వేలు వచ్చారు. వారి వెనకే తందూరీ పొయ్యీ వచ్చింది.

ముందు డీజిలు పంపులు, వాటి వెనక చిన్న కొట్టు, దాని వెనక వంటిల్లు. మేము రొట్టెలు తింటూ ఉండగా యాభై యేళ్ల సర్దార్జీ ఒకాయన వచ్చి, ఆరు రొట్టెలూ, పప్పూ, మామిడికాయ పచ్చడీ పొట్లం కట్టమని చెప్పి, గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. నా కాలేజీ హిందీలో, "కూర్చోండి సర్దార్జీ, వేడిగా తినండి" అన్నాను.

"కూర్చుంటే గంట పోతుంది మాస్టర్జీ. ఆ గంట నాది కాదు" అంటూ ఫోను చూపించాడు. దానిమీద ఒక బంకు పేరు, "68 మైళ్లు", కింద "90 గాలన్లు" అని ఉన్నది. ఎక్కడ ఆగవలసిందీ, ఎంత డీజిలు పోయించుకోవలసిందీ ఫ్రెస్నోలో ఉన్న ఆయన కంపెనీ ఆఫీసునుంచి వచ్చిన ఆజ్ఞ అన్నమాట.

"ఇక్కడా పంపు ఉన్నదిగదా!"

"ఉన్నది. బోర్డుమీద ధర కూడా అక్కడికంటే మూడు సెంట్లు తక్కువే. కాని నా కార్డు ఇక్కడ పనిచెయ్యదు."

ప్రబంధాలూ ఛందస్సూ చెప్పుకుని బతికే నాకు ఈ డీజిలు గొడవ ఎందుకని మా తమ్ముడు నవ్వాడు. కాని మూడు సెంట్లు తక్కువకు దొరికే సరుకును వదిలి, ఆకలినీ వదిలి, 68 మైళ్లు పోవడంలో ఏదో కిటుకు ఉన్నదనిపించి, రొట్టెలు కాలేవరకూ ఆయన్ను వదలలేదు. తరువాత తీరికగా మరికొంత తెలుసుకున్నాను.

మన రోడ్ల పక్కన ఎవరికి తోస్తే వారు పాక వేసి, నులకమంచం వాల్చి, టీ కొట్టు పెడతారు. అమెరికాలో ఇంటర్‌స్టేట్ రోడ్లకు 1956లో చట్టం చేసినప్పుడే, ఆ రోడ్ల హద్దులోపల బంకులూ దుకాణాలూ ఉండరాదన్నారు. అందుచేత రోడ్డు దిగే మలుపుల దగ్గర, ప్రైవేటు స్థలాల్లో, లారీల మజిలీలు లేచాయి. ట్రక్ స్టాప్ అంటారు. డీజిలు, తిండి, స్నానాల గదులు, బట్టలుతికే మిషన్లు, రాత్రి లారీ నిలుపుకునే మైదానం అన్నీ అక్కడే. మొదట్లో చాలా భాగం ఎవరి మజిలీ వారిదే. ఈనాడు దేశమంతటా మూడు పేర్లు ఎక్కువగా కనబడతాయి. 1958లో వర్జీనియాలోని గేట్ సిటీలో ఒక్క బంకుతో మొదలైన పైలట్, 2010లో ఫ్లయింగ్ జె అనే మరో పెద్ద సంస్థను కలుపుకున్నది. 2024 జనవరికల్లా పూర్తిగా వారెన్ బఫెట్ గారి బర్క్‌షైర్ చేతికి వచ్చింది. లవ్స్ అనేది 1964లో ఓక్లహామాలో వటోంగా అనే చిన్న ఊళ్లో పుట్టింది. మూడవదైన ట్రావెల్ సెంటర్స్‌ను 2023లో బ్రిటిష్ చమురు కంపెనీ బి.పి. కొన్నది.

లారీ కంపెనీలు బేరం చేసేది ముఖ్యంగా ఇటువంటి వారితోనే. "మా లారీలన్నీ నీ పంపుల దగ్గరే ఆగుతాయి, గాలనుకు ఎంత తగ్గిస్తావు?" అన్నదే బేరం. కొందరికి బోర్డు ధరలో ఇన్ని సెంట్లు తగ్గింపు. కొందరికి బంకువాడు కొన్న ధరమీద ఇన్ని సెంట్లు లాభం అని ఒప్పందం. ఏ రెండు కంపెనీలూ ఒకే ధర ఇస్తున్నాయని చెప్పలేము. బోర్డుమీద ధర దారినపొయ్యే దానయ్య కోసం.

ఈ సెంట్ల విలువ ఎంతో లెక్క కట్టి చూశాను. ఒక లారీ యేడాదికి లక్ష మైళ్లు తిరుగుతుందనుకుందాము. గాలనుకు ఆరున్నర మైళ్లు చొప్పున సుమారు 15,400 గాలన్లు కావాలి. గాలనుకు 30 సెంట్లు తగ్గితే లారీకి 4,600 డాలర్లు మిగిలినట్టు. వెయ్యి లారీలున్నవాడికి 46 లక్షల డాలర్లు! లారీ నడిపే ఖర్చులో ఇంచుమించు నాలుగోవంతు డీజిలుదేనట. మరి అంత డబ్బు డ్రైవరుగారి జిహ్వచాపల్యానికి వదులుకునే యజమాని ఎక్కడ ఉంటాడు?

అందుకే కార్డు. పంపు దగ్గర డ్రైవరు లారీ నంబరూ, తిరిగిన మైళ్లూ, తన రహస్య సంఖ్యా కొట్టాలి. ఎన్ని గాలన్లవరకు, రోజుకు ఎన్నిసార్లు, ఏ ఏ బంకుల్లో అన్నదంతా యజమాని ముందే బిగించి ఉంచుతాడు. కామ్‌డాటా మొదలైన కార్డుల సంస్థలకు ఇదే వ్యాపారం. ఇంకో మెట్టు ఎక్కి, లారీ దారినీ, టాంకీలో మిగిలిన డీజిలునూ, ఆనాటి ధరలనూ చూసి, "ఇక్కడ ఇన్ని గాలన్లు, అక్కడ ఇన్ని" అని విడగొట్టి చెప్పే కంప్యూటరు లెక్కలు కూడా వచ్చాయి. సర్దార్జీ ఫోనులో నేను చూసినది అదే.

ఇందులో పన్నుల చిత్రం ఒకటి ఉన్నది. మనకు డీజిలు పన్ను పోయించుకున్నచోట పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 22.25 శాతం వ్యాటుకు తోడు లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాటు, మరో రూపాయి రోడ్డు సెస్సు. అందుకని కర్ణాటకమీదుగా వచ్చే లారీవాడు సరిహద్దుకు అవతలే టాంకీ నింపుకుని గాని మన రాష్ట్రంలో అడుగుపెట్టడు. అమెరికాలో ఈ ఎత్తు పారదు. అక్కడ 48 రాష్ట్రాలూ, కెనడాలోని పది రాష్ట్రాలూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి: డీజిలు ఎక్కడ కొన్నా సరే, ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగితే ఆ రాష్ట్రానికి అన్ని మైళ్ల పన్ను. మూడు నెలలకొకసారి లెక్క తేల్చుకోవాలి. దీనివల్ల బోర్డు ధర ఇంకా మోసకారి అయింది. ఒకచోట గాలను 3.60 డాలర్లు, అందులో పన్ను 70 సెంట్లు, ఇంకొకచోట 3.40, పన్ను 20 సెంట్లు అనుకోండి. చూపుకు రెండోది చవక. పన్ను తీసేస్తే మొదటిది 2.90, రెండోది 3.20! ఇల్లాంటి లెక్క ఆఫీసులో కూర్చున్నవాడు చెయ్యవలసిందే గాని, ఎండలో స్టీరింగు పట్టుకున్నవాడు చెయ్యలేడు. ఆ విషయంలో ఆఫీసువారినే సమర్థిస్తాను.

అయితే తగ్గింపు కాగితంమీద ఎంతో, చేతికి వచ్చింది ఎంతో చూసుకోవడం పెద్దవారికే సాధ్యం. 2013 ఏప్రిల్‌లో పైలట్ ప్రధాన కార్యాలయంమీద కేంద్ర పోలీసులు దాడిచేశారు. చిన్న లారీ కంపెనీలకు నెల చివర పంపవలసిన తగ్గింపు సొమ్మును కోసి పంపుతున్నారని అభియోగం. 2014లో ఆ సంస్థ 9 కోట్ల 20 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకున్నది. నష్టపోయినవారిలో చాలామందికి, తాము నష్టపోతున్నామన్న సంగతే అంతవరకు తెలియదు.

ఇక డ్రైవరు సంగతి.

"కంపెనీ చెప్పినచోటికే పోతారు సరే, మీకు కోపం రాదా?" అని అడిగాను.

సర్దార్జీ జేబులోంచి ఇంకో కార్డు తీశాడు. అది బంకులవారు డ్రైవరుకు సొంతంగా ఇచ్చేది. డీజిలు డబ్బు కంపెనీది; గాలనుకు ఇన్ని పాయింట్లని జమపడేది మాత్రం డ్రైవరు పేర. ఒక్కసారిగా యాభై గాలన్లో అంతకు పైనో పోయిస్తే ఒక స్నానం ఉచితం. పాయింట్లతో కాఫీ తాగవచ్చు, భోజనం చెయ్యవచ్చు. కొన్నిచోట్ల రాత్రికి లారీ నిలిపే స్థలం కూడా ముందుగా పట్టుకోవచ్చు. డబ్బు పెట్టి స్నానం చెయ్యాలంటే పదిహేను డాలర్ల దరిదాపు.

"నేను మూడు వారాలకొకసారి ఇంటికి పోతాను మాస్టర్జీ. తక్కిన రోజులు నా స్నానం ఈ కార్డులో ఉన్నది. ఇక్కడ ఆగితే పప్పు దొరుకుతుంది, స్నానం దొరకదు."

యజమానిని తగ్గింపుతోనూ, నౌకరును స్నానంతోనూ కట్టేసిన ఆ బంకులవారి తెలివికి నమస్కారం చెయ్యాలనిపించింది.

రెండుచోట్లా ఆగరాదా అంటే, గడియారం ఒప్పుకోదు. అక్కడ డ్రైవరు పని మొదలుపెట్టిన 14 గంటల్లోపల 11 గంటలే బండి నడపాలి. తరువాత వరసగా పది గంటలు విశ్రాంతి. 2017 డిసెంబరునుంచి ఈ లెక్క రాసే యంత్రం లారీలోనే ఉండాలన్నారు. పుస్తకంలో సర్దుకునే రోజులు పోయాయి. మధ్యలో రొట్టె తిన్నా, కునుకు తీసినా మామూలుగా ఆ 14 గంటలు కరుగుతూనే ఉంటాయి. సర్దార్జీకి జీతం మైళ్ల లెక్కన.

అన్నిటికంటే పెద్ద బెంగ, రాత్రి బండి నిలిపే చోటు. చీకటి పడేసరికి మజిలీల మైదానాలు నిండిపోతాయి. 2019లో ప్రభుత్వం జరిపిన విచారణలో, భద్రమైన చోటు దొరకడం కష్టంగా ఉన్నదని చెప్పినవారు నూటికి 98 మంది. ఇది సుఖానికి సంబంధించిన మాట కాదు సుమా. 2009 మార్చిలో జేసన్ రివెన్‌బర్గ్ అనే యువకుడు దక్షిణ కెరొలినాకు పాల లోడు తెచ్చాడు. వేళకు ముందే వచ్చినందున దింపవలసినచోట ఆగే వీలులేక, మూతపడిన ఒక పాత బంకు ఆవరణలో బండి పెట్టుకుని పడుకున్నాడు. అక్కడ అతణ్ణి కాల్చి చంపి దోచుకున్నది ఏడు డాలర్లు. భార్య అప్పుడు కవలపిల్లల గర్భవతి. ఆమె పోరాడగా పోరాడగా 2012లో లారీల విడిదికోసం జేసన్ పేరుతోనే చట్టం వచ్చింది. స్థలాల కరువు మాత్రం తీరలేదు.

కాబట్టి సాయంత్రం నాలుగు గంటలకే డ్రైవరు మనసులో లెక్కలు మొదలవుతాయి. కంపెనీ చెప్పిన బంకు దగ్గర చోటు ఉంటుందా? లేకపోతే తరువాత మలుపులో ఉన్న మజిలీకి పోవాలా? అక్కడ తన కార్డు చెల్లదు. డీజిలు పోయించనివాడు స్థలానికి డబ్బు కట్టవలసిరావచ్చు. గంట ముందే ఆగితే చోటు దొరుకుతుంది గాని, అరవై మైళ్ల జీతం పోతుంది. సొంత లారీ ఉన్నవాడికి ఈ కట్టుబాటు లేదు, నచ్చినచోట ఆగవచ్చు. డీజిలు డబ్బు తన జేబులోంచే గనుక అతనూ చివరికి తగ్గింపు ఇచ్చే బంకు దగ్గరే తేలతాడని సర్దార్జీ నవ్వాడు.

ఈ మాటలన్నీ డాబా యజమాని వింటూనే ఉన్నాడు. "నా పంపుమీద నాకు ఆశ లేదండీ" అన్నాడు. "పెద్ద కంపెనీలకు నేను ఇవ్వగల తగ్గింపు ఏపాటిది? నన్ను నిలబెడుతున్నది ఈ పొయ్యి." పొట్లానికి డబ్బు తీసుకుంటూ రెండు రొట్టెలు ఎక్కువ పెట్టాడు. సర్దార్జీ పరుగులాంటి నడకతో వెళ్లి బండి ఎక్కాడు.

ఆ సాయంత్రం మేము న్యూమెక్సికోలో పెట్రోలుకు ఆగిన మజిలీలో ఆయనే ఎదురుపడ్డాడు. తొంభై గాలన్లూ పోయించుకుని, మైదానంలో చివరి వరసలో చోటు సంపాదించి, బండిలో కూర్చుని ఆ పప్పు తింటున్నాడు. చల్లారిపోయింది. మమ్మల్ని చూసి దిగివచ్చాడు. పొద్దుటినుంచి ఎండలో, దుమ్ములో పడి మా ముఖాలు ఎల్లా ఉన్నాయో ఏమో, ఎగాదిగా చూసి, "మాస్టర్జీ, నా కార్డులో మూడు స్నానాలు నిలవ ఉన్నాయి. వాడకపోతే మురిగిపోతాయి. మీ ఇంటావిడను ముందు వెళ్లమనండి" అన్నాడు.

మా ఆవిడ నా ముఖంకేసి చూసింది. లోపల గోడమీది తెరమీద నంబరు పడింది. తువ్వాలు వాళ్లే ఇచ్చారు.