ఆముక్తమాల్యద రాజనీతి : ఉపమానములలోని లోకజ్ఞత

రాజనీతిని బోధించు గ్రంథములు సంస్కృతమునను తెలుగునను పెక్కు గలవు. కౌటిల్యుని అర్థశాస్త్రము, కామందకుని నీతిసారము చెప్పిన విషయములను తరువాతివారు పలువురు అనుసరించిరి. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి ప్రకరణమును ఆ సంప్రదాయమునకు చెందినదే. అయినను 1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యము నేలిన శ్రీకృష్ణదేవరాయల అనుభవము అందు గోచరించుచున్నది. ఆ అనుభవము శాస్త్రపరిభాషయందు కంటె ఉపమానములయందే స్ఫుటముగా వ్యక్తమైనదని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

యామునాచార్యుడు రాజ్యమును త్యజించుచు కుమారునకు చేసిన ఉపదేశమిది. రాజ్యము నిలుపుకొను ఉపాయములను రాజ్యము వదలుకొనువానిచే చెప్పించుటలో కవి ఔచిత్యము కలదు. ఇక పొందవలసినది లేనివాడు కావున అతని మాటలలో దాపరికము లేదు.

ఈ ప్రకరణమునకు ఆయువుపట్టు అధికారిని గూర్చిన పద్యము. ప్రజలు బాధలకు తాళలేక ఊరు విడిచిపోయినపుడు వారిని మరల పిలిపించుట అధికారి ధర్మము. అట్లు చేయక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొనవచ్చుననియు, ఇండ్లు వంటచెరకునకు పనికివచ్చుననియు సంతోషించు అధికారిని రాయలు యుద్ధభూమియందలి నక్కతో పోల్చెను. నక్కకు గెలుపోటములతో పని లేదు, శవములున్న చాలును. పాడుపడిన ఊరు అట్టి అధికారికి లాభముగనే తోచును. అట్టివాడు కొలువున నున్నచో సప్తద్వీపములు చేజిక్కినను రాజునకు ఫలము లేదని కవి తీర్పు. పరిహాసముగా మొదలైన మాట బీభత్సమున ముగియుటచే దోషతీవ్రత మనసున నాటుచున్నది.

రాజ్యస్థాపనకు రైతు ఉపమానము. భూమి సంపాదించి, కంచె వేసి, పిమ్మట మొదళ్లు పెకలించి సాగు చేయు రైతువలె రాజు ముందు రాజ్యమును భద్రపరచుకొని తరువాత లోపలి శత్రువులను తొలగింపవలెను. ఇందలి సారము పనుల వరుసక్రమము. అది తప్పిన రైతునకు పంట దక్కదు, రాజునకు రాజ్యము దక్కదు.

అర్థవిషయమున రాయల దృష్టి మిక్కిలి వాస్తవమైనది. దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు కల్పించి పేదరైతునకు పన్నులలో వెసులుబాటు చూపినచో అర్థధర్మములు రెండును వృద్ధి పొందునని చెప్పెను. విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలు త్రవ్వించుచున్న పెద్ద చెరువును వర్ణించుటచే ఇది వట్టి ఉపదేశము కాదని తేలుచున్నది. ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు విదేశవర్తకులను ఆదరింపవలెననుటకు కారణము, అవి శత్రువులకు చేరకుండుట. 1510లో గోవా పోర్చుగీసుల వశమైన పిదప అశ్వవాణిజ్యమున కేర్పడిన ప్రాముఖ్యము తెలిసినవారికి ఈ మాట విలువ బోధపడును.

అడవి జాతుల దోషములను సరిదిద్దబూనుట మట్టిగోడను కడుగుటవంటిదని మరియొక ఉపమానము. కడిగినకొలది బురదయే కాని శుభ్రత రాదు. ఇందు పురవాసుల చులకనభావము కలదు. దానిని కప్పిపుచ్చ నక్కరలేదు. అయినను కవి తేల్చిన కర్తవ్యము కోపము కాదు, వారియెడ ఆడినమాట తప్పకుండుట. అట్లు నమ్మకము గలిగినవారు శత్రుదేశముపై దాడులకు తోడ్పడుదురని ప్రయోజనమునుకూడ దాచక చెప్పెను. దయకును అవసరమునకును గల భేద మెరిగిన పాలకుని మాట ఇది.

తరగతిగదులలో ఈ పద్యములకు తాత్పర్యము చెప్పి, ఉపమాలంకారమని పేరు పెట్టి విడుచుట పరిపాటి. దానిచే విద్యార్థికి అలంకారము దొరకును గాని రాజనీతి దొరకదు. అధికారికి పులి కాక నక్కయే ఏల ఉపమానమైనది? రాతిగోడ కాక మట్టిగోడయే ఏల? ఈ ప్రశ్నలు వేయించినపుడే రాయల లోకజ్ఞత విద్యార్థికి అందును. ఇచట ఉపమానము నీతికి తొడిగిన నగ కాదు. నీతి నిలిచియున్నదే ఉపమానమునందు.