ధ్వని, పదం, అర్థం: యానాం తరగతి గదిలో తెలుగు చదువు

తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు చిన్నపిల్లలకు తెలుగు నేర్పవలసిన అవసరం వస్తుంది. కొందరు ఉపాధ్యాయులవుతారు. కొందరు ఆదివారం బడుల్లో పాఠం చెబుతారు. మిగిలినవారు తమ ఇంటి పిల్లలకే ఓనమాలు దిద్దిస్తారు. ఆ పనికి పూనుకొనేముందు తెలుసుకోదగిన ఒక విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అదేమంటే, తెలుగులో అక్షరాలు కూడబలుక్కొని గడగడ చదవడం వేరు, చదివినది బోధపడడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడం మన లిపిలో త్వరగా కంటికి కనిపించదు.

ఉదాహరణలకు యానాంను తీసుకొన్నాను. గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు 18వ శతాబ్దంలో ఫ్రెంచివారి స్థావరమైంది. మధ్యమధ్య ఆంగ్లేయుల చేతిలోకి పోయినా ఫ్రెంచి ఏలుబడి 1954 వరకు సాగింది. ఆ ఏడాది యానాం భారతదేశంలో కలిసింది. 1962లో ఆ విలీనం చట్టరీత్యా పూర్తయింది. దీని విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 55,626 మంది ఉన్నారు. పరిపాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి సాగుతుంది. పుదుచ్చేరికి సొంత పాఠశాల విద్యామండలి లేనందువల్ల యానాం పిల్లలు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ వాచకాలే చదివారు. అంటే ఇల్లూ వీధీ తెలుగు, రాజధాని తమిళం, వాచకం పక్క రాష్ట్రానిది. భాషకు ఒకవైపు దగ్గరగా, మరొకవైపు దూరంగా బతికే మనవంటివారికి ఆ ఊరి పిల్లల అనుభవం పరాయిది కాదు.

ఒక మూడో తరగతిలో

కొన్నేళ్ళ కిందట యానాంలోని ఒక బడిలో మూడో తరగతి పాఠం వింటూ కూర్చొన్నాను. చేపలవేట మీద బతికే ఇంటి పిల్ల ఒకతె లేచి పాఠం చదివింది. ఆ వాక్యాలు ఇంచుమించు ఇలా ఉన్నాయి: “మత్స్యకారులు తెల్లవారుజామున నావలపై సముద్రంలోకి ప్రయాణమవుతారు. వాతావరణం అనుకూలించనప్పుడు తీరంలోనే ఉండి వలలను మరమ్మతు చేసుకొంటారు.” ఒక్క వత్తు తప్పలేదు, ఒక్క దీర్ఘం పోలేదు.

“వాళ్ళు ఏ రోజుల్లో సముద్రంలోకి వెళ్ళరమ్మా?” అని టీచరుగారు అడిగారు. ఆ పిల్ల పుస్తకంలోకి చూసింది, నా వైపు చూసింది, ఏమీ మాట్లాడలేదు. టీచరుగారు కాస్త ఆగి, “మీ నాన్నగారు ఎప్పుడు వేటకెళ్ళరమ్మా?” అన్నారు.

“గాలేసినప్పుడండి. తుఫానంటే అసలెళ్ళడండి. ఇంటికాడే కూర్చుని వల బాగుచేసుకుంటాడండి. మా అమ్మ కూడా సాయం చేస్తాదండి.”

వాచకంలోని రెండో వాక్యానికి అర్థం సరిగ్గా అదే. విషయం ఆ పిల్లకు పుస్తకం రాసినవారికన్నా బాగా తెలుసు. అక్షరాలూ తెలుసు. తెలియనిదల్లా ఆ అక్షరాలు తన ఇంటి సంగతే చెబుతున్నాయని. ఇటువంటి పిల్లలు మూడో తరగతి దాటేదాకా “బాగా చదువుతుంది” అనిపించుకొంటారు. పై తరగతుల్లో విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం చదివి తెలుసుకోవలసి వచ్చినప్పుడు వెనకబడతారు. అప్పుడు వాళ్ళను “మొద్దు” అంటాం. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్ళి చూడం.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఈ సంగతిని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదివి గ్రహించడమంటే అక్షరాలను పలుకుగా మార్చగలగడాన్ని, ఆ భాష విని అర్థం చేసుకోగలగడంతో హెచ్చవేయగా వచ్చిన ఫలితమన్నారు. కూడిక అనలేదు, గుణకారమన్నారు. రెంటిలో ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే.

ధ్వనికీ అక్షరానికీ లంకె

ఏ ధ్వనికి ఏ అక్షరమో పిల్లలకు తెలియజెప్పే పద్ధతిని ఇంగ్లీషు బడుల్లో ఫోనిక్స్ అంటారు. పేరు మనకు కొత్తగాని పని కొత్తది కాదు. “కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు” అని మన పిల్లలు తరతరాలుగా వల్లించినది అదే. ఇంగ్లీషులో ఒకే అక్షరం ఒక్కొక్క మాటలో ఒక్కొక్క విధంగా పలుకుతుంది. మన గుణింతంలో గుడి ఎక్కడున్నా గుడే.

అయితే దీనివల్ల తెలుగు లిపి సులభమని తీర్మానించకూడదు. ఇంగ్లీషు పిల్లవాడు గుర్తుంచుకోవలసిన అక్షరాలు 26. మన పిల్లవాడికి సున్న, విసర్గ వదిలేసినా, ఒక్కొక్క హల్లుకు ‘క’ నుంచి ‘కౌ’ వరకు 12 రూపాలు. హల్లులు 35 అనుకొంటే 420 రూపాలు. వత్తులు దీనికి అదనం. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకొనే తీరును సొనాలీ నాగ్ పరిశీలించి 2007లో ప్రకటించారు. అక్షరాల మీద పట్టు ఒకటో తరగతితో ముగియదనీ, ఆ తరవాతి తరగతుల్లో కూడా చాలాకాలం సాగుతుందనీ ఆమె చూపారు. అందువల్ల రెండో తరగతి పిల్లవాడు ‘ష్ట్ర’ దగ్గర ఆగితే కంగారు పడనక్కరలేదు.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసినవి మూడున్నాయి.

మొదటిది, వల్లించడం గుర్తుపట్టడం కాదు. ‘ప’ గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడికి ‘పు’ ఒక్కదాన్నే విడిగా చూపండి. మనసులో ‘ప పా పి పీ’ అనుకొంటూ అక్కడిదాకా వస్తున్నాడంటే ఆ అక్షరం ఇంకా రాలేదన్నమాట.

రెండవది, అక్షరాల వరస. అక్షరమాల, గుణింతాలు, వత్తులు అన్నీ అయ్యాకనే మాటలు అన్నది పాత పద్ధతి. అంతదాకా పిల్లవాడికి చదువులో అర్థమన్నది కనిపించదు. దానికి బదులు తలకట్టు అక్షరాలు నాలుగైదు నేర్పగానే మాటలు కట్టవచ్చు. అ, ల, వ, త, ప, డ వస్తే చాలు. అల, వల, తల, వడ, పడవ అన్నీ వచ్చేస్తాయి. గోదావరి ఒడ్డు పిల్లలకు ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. కొమ్ము నేర్పేరోజున ‘పులస’ అని బల్లమీద రాస్తే, వరదనీటి కాలంలో ఆ చేప కోసం ఊరంతా ఎదురుచూసే యానాంలో, దాన్ని మరచిపోయే పిల్లవాడుండడు.

మూడవది, రాసినట్టే పలుకుతామన్న మాట పూర్తిగా నిజం కాదు. ‘చేప’లో చ ఒకటి, ‘చాప’లో చ మరొకటి. ‘మేక’లో మే, ‘మేకు’లో మే ఒకేలా పలకవు. సున్న ఒక్కటే అయినా ‘పంచె’, ‘పండు’, ‘పంతులు’, ‘పంపు’ అనేటప్పుడు నాలుగు విధాలుగా పలుకుతుంది. ఇంట్లో తెలుగు వినే పిల్లవాడికి ఇవి చెప్పనక్కరలేదు, చెవి సర్దుకొంటుంది. తెలుగు వినని పిల్లవాడికి చెప్పితీరాలి.

పదాలు ఎక్కడి నుంచి రావాలి

పదసంపద అనగానే కఠినపదాలకు అర్థాలు రాయించడం మన బడుల్లో అలవాటు. “తీరం అంటే ఒడ్డు” అని పదిసార్లు రాసినంత మాత్రాన ఆ మాట పిల్లవాడి సొంతం కాదు. “మన యానాం గోదావరి తీరంలో ఉంది”, “తుఫాను తీరం దాటింది” అని రెండు మూడు వాక్యాల్లో వినాలి, తానూ ఒక వాక్యం చెప్పాలి. వారానికి అయిదారు మాటలు ఈవిధంగా వస్తే చాలు.

సంస్కృతపదం కష్టం, తెలుగుమాట సులభం అన్న సూత్రమూ సరికాదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. కాబట్టి వేట మీద బతికే ఇళ్ళలో ‘నిషేధం’ అన్న మాట చిన్నపిల్లలకు సైతం తెలుసు. జీవితంతో ముడిపడిన మాట ఎంత బరువైనదైనా నోటికి వస్తుంది.

పదాలను విడదీసి చూడడం కూడా చిన్నప్పుడే అలవాటు చేయాలి. దీనికి యానాం ఊళ్ళ పేర్లే మంచి పాఠం. ఇసుకతిప్ప, ఫ్రాన్సుతిప్ప, దరియాలతిప్ప, కనకాలపేట, కురసంపేట, అడవిపొలం. తిప్ప అంటే నది మేటవేసిన ఎత్తు నేల. ‘ఇసుకతిప్ప’ను విడదీసిన పిల్లవాడు ‘ఫ్రాన్సుతిప్ప’ను తనే విడదీస్తాడు. “మన ఊళ్ళో ఫ్రాన్సు ఎందుకుందండీ?” అని అడుగుతాడు. ఆ ఒక్క పేరులో ర వత్తు, స వత్తు, ద్విత్వం మూడూ ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ చరిత్రా ఉంది.

ఇంటి మాట నుంచి పుస్తకపు మాటకు తీసుకుపోవాలన్న ఆలోచన మన దేశంలో కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవర భాష నేర్చుకొని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు తయారుచేశారు. పిల్లవాడికి తెలిసిన భాషలో చదువు మొదలుకావాలన్న ఆ పట్టుదలే వ్యావహారిక భాషోద్యమంలోనూ కనిపిస్తుంది. వృత్తులవారి నోట ఉన్న మాటలను సేకరించడానికి భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం చేపట్టారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వెలువడింది. ‘పోటు’, ‘తెడ్డు’, ‘వేట’ వంటి మాటలు మోటు కావు. అవి పిల్లవాడు బడికి తెచ్చుకొన్న మూలధనం.

అర్థం చేసుకోవడం నేర్పవచ్చు

అవగాహన దానంతట అదే వస్తుందని చాలామంది అనుకొంటారు. అది కూడా నేర్పవలసినదే. పైన చెప్పిన రెండు వాక్యాల మీదనే మూడు రకాల ప్రశ్నలు అడగవచ్చు. వాక్యంలోనే జవాబున్నది ఒకటి: “మత్స్యకారులు ఎప్పుడు బయలుదేరతారు?” రెండు వాక్యాలు కలిపితే జవాబు దొరికేది ఒకటి: “ఏ రోజున తెల్లవారుజామున బయలుదేరరు?” తన అనుభవం కలిపితే జవాబొచ్చేది ఒకటి: “వల బాగుచేసుకోకపోతే ఏమవుతుంది?” మన పరీక్షలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. దానికి అర్థం తెలియకపోయినా జవాబు రాయవచ్చు. ప్రశ్నలోని మాటను పుస్తకంలో వెతికి పట్టుకొని ఆ వరస ఎత్తిరాస్తే సరిపోతుంది.

భాషాశాస్త్ర దృష్టితో మరొకటి చెప్పాలి. తెలుగు వాక్యంలో తర్కమంతా మాట చివర ఉంటుంది. “వాన వస్తే వెళ్తారు”, “వాన వచ్చినా వెళ్తారు”, “వాన రాకపోతే వెళ్తారు” అన్న మూడింటిలో తేడా కొద్ది అక్షరాలే; అర్థంలో తేడా చాలా ఉంది. గబగబా చదివే పిల్లవాడు ఆ చివరి అక్షరాలు మింగేస్తాడు. ‘అనుకూలించనప్పుడు’లో ఆ ‘చ’ను ‘చి’ అని చదివితే వాక్యం తలకిందులవుతుంది. ఇటువంటి జతలు బల్లమీద రాసి, ఏది ఎప్పుడంటామో పిల్లలచేత చెప్పించాలి. పాఠానికి పది నిమిషాలు చాలు.

బయటి పిల్లల విషయం

యానాం పిల్లకు మాటలున్నాయి, పుస్తకపు రూపాలు లేవు. చెన్నైలోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో పెరిగే పిల్లల్లో చాలామంది పరిస్థితి దీనికి తిరగబడి ఉంటుంది. అక్షరాలు దిద్దుతారు, గుణింతం అప్పజెబుతారు, మాటలుండవు. వాళ్ళకు ధ్వనుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. పాత – పాట, మందు – మండు, కల – కళ, పడు – పాడు, గద – గద్ద వంటి జతలు ముందు చెవికి వినిపించి, ఏది విన్నారో చెప్పమని, ఆ తరవాతే రాయించాలి. మాటలు పొడుపుకథల్లో, వంటింట్లో, ఆటల్లో రావాలి. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి మాట్లాడే ‘క’భాష ఆట తెలుగు పిల్లలకు తెలిసినదే. మాటను అక్షరాలుగా విడగొట్టడం నేర్పడానికి దాన్ని మించిన సాధనం నాకు కనిపించలేదు.

కేంద్రప్రభుత్వం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం, 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకొంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకొంది. ఆ గడువు సంగతి ఎలా ఉన్నా, ‘అర్థం చేసుకొంటూ’ అన్న మాటను మనం గుర్తుంచుకోవాలి. మీ ముందు ఒక పిల్ల తప్పులేకుండా చదివి పుస్తకం మూసినప్పుడు, “భేష్” అనేముందు ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే కోప్పడకండి. ప్రశ్నను ఆ పిల్ల ఇంటి మాటల్లోకి మార్చి మళ్ళీ అడగండి. అప్పుడు జవాబు వస్తే, పుస్తకంలోని వాక్యం మీద వేలుపెట్టి “నువ్వు చెప్పినదే ఇక్కడ రాసి ఉందమ్మా” అని చూపండి. ఆ రోజు యానాంలో టీచరుగారు చేసినది అదే. ఆ పిల్ల ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది, ఈసారి నెమ్మదిగా.