పిల్లల బొమ్మలు, ఇంటి గోడలు

పసిబిడ్డ కాగితంపై గీచిన మొదటి బొమ్మను చూచి 'పిచ్చిగీతలు' అని నవ్వని ఇల్లు అరుదు. కాని ఆ గీతలకు ఒక క్రమమున్నది. ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఆ క్రమాన్ని దశలుగా వివరించారు. రెండు నుండి నాలుగేండ్ల వరకు గజిబిజి గీతలు. ఆ పిదప గుండ్రని తల, ఆ తల నుండియే దిగిన రెండు కాళ్ళు. ఏడేండ్ల ప్రాయానికి కాగితం అడుగున నేలను సూచించే గీత. మైపాడు వంటి మన సముద్రతీరపు ఊళ్ళలో పడవ గీచే పిల్లవాడు నీటి లోపలి చేపలను కూడ గీస్తే అది పొరపాటు కాదు. కంటికి కనబడేదానిని గాక తనకు తెలిసినదానిని గీస్తున్నాడు. పెద్దయిన కొలది ఈ చూపు మరుగవుతుంది. మరల అడిగినా ఆ బొమ్మ వేయలేడు. అది దాచుకొనదగినదని మేము చెప్పడం అందుకే.

రష్యాలోని నొవ్‌గొరొద్‌లో ఒన్‌ఫీమ్ అనే బాలుడు 13వ శతాబ్దంలో భూర్జపు బెరడుపై గీకిన బొమ్మలు 1956లో త్రవ్వకాలలో దొరికాయి. గాలి చొరని తడిమన్ను వాటిని ఏడువందల ఏండ్లు కాపాడింది. మన తీరంలో తడికి గాలి తోడవుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, ఏడాది పొడవునా ఉప్పుగాలి. గోడకు అంటిన కాగితం ఎన్నాళ్ళు నిలుస్తుంది? మైదాజిగురును బొద్దింకలు తింటాయి. స్కెచ్‌పెన్ను రంగులు ఎండకు వెలుస్తాయి. పెన్సిలు గీత మాత్రం వెలవదు. కనుక బొమ్మను గోడకు తగలకుండ, ఎండ పడనిచోట, దారానికి క్లిప్పుతో వ్రేలాడదీసి, నెల తరువాత తీసి అట్టల నడుమ పొడిగా ఉంచడం మేలు. వెనుక వైపు తేదీని, 'ఇదేమిటి?' అని అడిగినప్పుడు పిల్ల చెప్పిన మాటను పెన్సిలుతో వ్రాయాలి. సిరా అయితే చెమ్మకు పాకుతుంది. నమాజు చేసే గదిలో ప్రాణుల రూపాలు ఉంచని ఇండ్లలో వేరొక గది గోడ ఉన్నది కదా. బిడ్డ చేతిని ఆపనక్కరలేదు.

ఇవన్నీ మేము ఆలస్యంగా నేర్చుకొన్నవి. మా అమ్మాయి నాలుగేండ్లప్పుడు గీచిన పడవను చూచి మురిసిపోయి, మేమే జిగురుతో గోడకు అంటించాము. ఆ వానలకు గోడ చెమ్మగిల్లింది. కాగితాన్ని తీయబోతే ముక్కలై చేతికి వచ్చింది. అదే వారం గీచిన మరొక బొమ్మను, తలకు కాళ్ళు మొలచిన తన దాదీమాను, మా అమ్మ ఎవరికీ చెప్పక ట్రంకుపెట్టెలో చీరల మడతలలో, ఎండిన వేపాకుల నడుమ దాచుకొన్నది. ఆమె పోయిన తరువాత పెట్టె తెరిస్తే అది చెక్కుచెదరకుండ ఉన్నది.

బొమ్మలో దాదీమా చేతిలో గుండ్రని వస్తువొకటి ఉన్నది. మేము తస్బీహ్ అనుకొన్నాము. ఇప్పుడు రెండవ తరగతి చదువుతున్న పిల్లను అడిగితే, "ఏమో అబ్బా, రొట్టెల పండుగలో పట్టుకొన్న రొట్టె కావచ్చు" అన్నది. కాగితం త్రిప్పి చూచాము. వెనుక ఏమీ వ్రాసి లేదు.