ఒకే గెడ్డ, ఎన్నో పేర్లు



వానలు మొదలవడానికి ముందు ఒక పని మీద లమ్తపుట్ వెళ్ళాను. కోరాపుట్ నుంచి సెమిలిగుడ, నందపూర్ మీదుగా బస్సు ప్రయాణం. నందపూర్ ఒకప్పుడు జయపురం రాజుల పాత రాజధాని, ముప్ఫై రెండు మెట్ల సింహాసనం ఉన్న ఊరు. అక్కడి నుంచి లమ్తపుట్ దాకా దారికి రెండు వైపులా మెట్టలే. కొన్ని పచ్చగా ఉన్నాయి. కొన్ని మాత్రం గుండు గీసినట్టు ఎర్రగా కనిపించాయి.

బస్సు దిగి ఒక టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. అప్పటికే అక్కడ ఇద్దరు పేపరు ముందు వేసుకుని వాదించుకుంటున్నారు. ఒకాయన తెలుగువారు, ఇంకొకాయన ఒడియా. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు కాబట్టి వాదన ఒక్కో వాక్యానికి ఒక్కో భాషలోకి మారుతోంది. విషయం మాచ్‌ఖండ్ కరెంటు. ఎవరికి ఎంత వాటా రావాలి, ఎవరు ఎవరికి బాకీ అని. సరిగ్గా అదే సమయానికి కొట్లో ఫ్యాను ఆగిపోయింది. కొట్టు యజమాని నవ్వి, "చూశారా మాస్టారూ, దీపం కింద చీకటంటే ఇదే," అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ వాదన నా మనసులోంచి పోలేదు. మనం ఆ నది గురించి మాట్లాడినప్పుడల్లా వాటా గురించే ఎందుకు మాట్లాడతాం? ఇవాళ మీతో ఆ సంగతే చెప్పుకుందామని వచ్చాను.

ముందు ఆ నది దారి ఒకసారి చూద్దాం. పాడేరు, మాడుగుల వైపు కొండల్లో పుట్టి ఉత్తరంగా వచ్చేటప్పుడు దాన్ని మన తెలుగువాళ్ళు మత్స్యగెడ్డ అంటారు. ఆ ప్రాంతం 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గర జాలాపుట్ జలాశయంలోకి చేరేసరికి దాని పేరు మాచ్‌ఖండ్. లమ్తపుట్ దాటి ఒనకఢిల్లీ వైపు వెళితే డుడుమ జలపాతం వస్తుంది. అక్కడ 500 అడుగులకు పైగా లోయలోకి దూకుతుంది. ఆ తరువాత దక్షిణానికి తిరిగి, మల్కన్‌గిరి అంచున సీలేరు అవుతుంది. మోటు దగ్గర శబరిలో, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే పాడేరు కొండ మీద పడిన వాన చినుకు ఒడిశా చూసి, మళ్ళీ ఆంధ్రకు వచ్చి, ధవళేశ్వరం మీదుగా కోనసీమ కాలవల్లో పారుతుంది. పేర్లు ఎన్ని మారినా అది ఒకే గెడ్డ.

ఈ నీటితో కరెంటు తియ్యాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. అప్పటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి చేపట్టాయి. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. జాలాపుట్‌లో నీళ్ళు నిలవ చేస్తారు. డుడుమ దగ్గర చిన్న ఆనకట్ట కట్టి వాటిని కాలవలోకి మళ్ళిస్తారు. అక్కడి నుంచి పెద్ద గొట్టాల్లో లోయ అడుగున ఉన్న విద్యుత్ కేంద్రానికి వదులుతారు. ఎత్తు నుంచి దిగే నీటి వేగమే యంత్రాన్ని తిప్పుతుంది. అందుకే ఎండాకాలంలో జలపాతం సన్నగా కనిపిస్తుంది. దాని బలం గొట్టాల్లోకి పోయింది మరి. ఆరు యంత్రాలతో సుమారు 120 మెగావాట్ల సామర్థ్యం. మొదట్లో ఆంధ్రకు 70 పాళ్ళు, ఒడిశాకు 30 పాళ్ళు. తరువాత రెండు రాష్ట్రాలూ సమాన వాటాకు వచ్చాయి. కొత్తగా పరిశ్రమలు వస్తున్న రోజుల్లో విశాఖపట్నానికి ఈ కరెంటు పెద్ద ఆదరువు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ జలాశయం కింద ఊళ్ళు ఉండేవి. దాదాపు మూడు వేల కుటుంబాలు కదిలిపోవలసి వచ్చిందని, వారిలో సగం మంది గిరిజనులని, మళ్ళీ స్థిరమైన చోటు దొరికింది కొద్దిమందికేనని ఈ సంగతి మీద పనిచేసిన పరిశోధకులు రాశారు. పల్లపు పొలాలు నీట మునిగితే మనిషి ఎక్కడికి పోతాడు? పైకి పోతాడు. ఏటవాలు మెట్టను నరికి, కాల్చి, చోళ్ళు చల్లుకుంటాడు. ఇవాళ మెట్ట ఎర్రగా కనిపించడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

పోడు చేసేవాళ్ళే అడవిని పాడు చేశారని మనం తేలిగ్గా అనేస్తాం. నా అభిప్రాయం వేరు. పూర్వం ఒక మెట్టను రెండు మూడేళ్ళు సాగు చేసి, పదేళ్ళకు పైగా వదిలేసేవారు. ఆ పదేళ్ళలో పొదలు, చెట్లు మళ్ళీ లేచేవి, మట్టి కుదుటపడేది. ఇప్పుడు జనం పెరిగారు, భూమి తగ్గింది. కలప పోయింది, గనులు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, జలాశయాలు వచ్చాయి. వదిలేసే కాలం పదేళ్ళ నుంచి రెండు మూడేళ్ళకు పడిపోయింది. తప్పు ఒక్కరి మీద వేసి చేతులు దులుపుకుంటే మెట్టకు పచ్చదనం రాదు.

బోడి మెట్ట మీద వాన పడితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతాను. పెన్సిలు అక్కర్లేదు, వింటే చాలు. ఒక ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40 వేల లీటర్ల నీరు. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 150 సెంటీమీటర్ల వాన. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. చెట్టు ఉంటే చినుకు ముందు ఆకు మీద పడి నెమ్మదిగా దిగుతుంది. కింద ఎండుటాకులు దాన్ని పట్టి ఉంచుతాయి. వేళ్ళ పక్కనుంచి లోపలికి ఇంకుతుంది. అలా ఇంకిన నీరే చైత్ర వైశాఖాల్లో మెట్ట మొదట్లో ఊటగా వస్తుంది. చెట్టు లేకపోతే చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. మట్టి చెదిరి నీటితో పాటు జారిపోతుంది. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే, మన కంటికి ఏమీ కనిపించదు. కానీ అది తూకానికి అయిదు టన్నుల పైమాటే. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది. పోవడానికి కొద్ది వానాకాలాలు చాలు.

ఆ మట్టి ఎక్కడికి పోతుంది? ముందు గెడ్డలోకి, తరువాత జలాశయంలోకి. ఏ జలాశయంలోనైనా మట్టి చేరిన మేరకు నీటికి చోటు తగ్గుతుంది. నీటికి చోటు తగ్గితే కరెంటు తగ్గుతుంది. ఇక దిగువ సంగతి. బలిమెల దగ్గర రెండు రాష్ట్రాలూ నీటిని సగం సగం పంచుకుంటాయి. ఆంధ్ర వాటా నీటితో సీలేరు, డొంకరాయి, పొల్లూరు కేంద్రాలు నడుస్తాయి. గోదావరిలో ప్రవాహం తగ్గిన రబీ రోజుల్లో డెల్టా వరికి సీలేరు నుంచి వచ్చే నీరే ఆదుకుంటుంది. టీ కొట్టు దగ్గర పేపరు చదివే ఇద్దరూ పంచుకోవాలనుకుంటున్నది మెగావాట్లు. ఆ మెగావాట్లకు మూలం మెట్ట మీది ఎండుటాకుల్లో ఉంది. ఆ వాటా సంగతి ఏ పేపరూ రాయడం లేదు.

ఇప్పుడు లమ్తపుట్ రైతు చేతిపని గురించి చెప్పాలి. ఇది గదబల సీమ. గదబల్లో రెండు తెగలవారు ఇక్కడ ఉన్నారు. ఒకరి మాట గుతోబ్, అది ముండా భాషల కుటుంబానిది. ఇంకొకరిది ఓల్లారి, అది మన తెలుగులాగే ద్రావిడ కుటుంబానిది. విజయనగరం, విశాఖ వైపు కూడా గదబలు ఉన్నారు. సరిహద్దు గీత వాళ్ళ చుట్టరికాల మధ్యనుంచే పోయింది.

వీళ్ళ పొలాల్లో చూడవలసింది జోల. రెండు మెట్టల మధ్య పల్లంలో పారే సన్నటి గెడ్డనే మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి పొలం చేస్తారు. నీరు పై మడి నిండి, గట్టు మీద వదిలిన దారిలో కింది మడిలోకి దిగుతుంది. అలా ఒక్కో మడి దాటుతూ చివరికి మళ్ళీ గెడ్డ అవుతుంది. పంపు లేదు, ఇంజను లేదు. ఎక్కడ గట్టు ఎంత ఎత్తు ఉండాలో, నీరు ఏ మూల వదలాలో తాతల నాటి నుంచి చేతికి తెలిసిన విద్య. మెట్ట మీంచి కొట్టుకొచ్చే మట్టిని కూడా ఆ మడులే ఆపుతాయి. కాబట్టి దిగువన పెద్ద జలాశయం ఎలాగో, ఎగువన ఈ మడులు అలాగే. ఇంజనీర్లు కట్టినదానికి 1955 అని తేదీ ఉంది. వీళ్ళు కట్టినదానికి తేదీ ఎవరూ వెయ్యలేదు.

ఈ వ్యవసాయం విలువ బయటి ప్రపంచం గుర్తించింది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో ఒకటిగా ప్రకటించింది. 1955, 1959 మధ్య జయపురం ప్రాంతంలో వరి పరిశోధకులు తిరిగి 1,700 పైచిలుకు వరి రకాలు సేకరించారు. మాచ్‌ఖండ్‌లో యంత్రాలు తిరగడం మొదలైన రోజులే అవి. ఆ రకాలు చాలా వరకు పొలాల్లోంచి పోయాయి. మిగిలినవి ఎవరు కాపాడారు? ఇంటి అటక మీద కుండలో విత్తనం దాచిన ఆడవాళ్ళు. జయపురం దగ్గర పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి ఆ పని చేసినందుకే 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె 2024లో కన్నుమూశారు.

కానీ విత్తనం ఉంటే చాలదు కదండీ. ఊట ఎండిపోతే జోల మడి కూడా మెట్ట పొలమే అవుతుంది. నేను చూసిన ఒక జోలలో పై నాలుగు మడులు బీడుగా ఉన్నాయి. ఆ రైతును అడిగాను. చేత్తో పైన ఉన్న మెట్టను చూపించి, "అక్కడ చెట్లుండగా ఇక్కడ నీళ్ళుండేవి," అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

మరి చెయ్యగలిగిందేమిటి? ఇవి నా సొంత ఆలోచనలు. నచ్చితే తీసుకోండి, లేకపోతే వాదించండి.

మొదటిది, మెట్ట తల భాగం, అంటే పై మూడో వంతు, చెట్లకే వదిలెయ్యాలి. ముఖ్యంగా ఊట పుట్టే చోటు పైన గొడ్డలి పెట్టకూడదు. నాటేటప్పుడు నీలగిరి ఒక్కటే వరసగా నాటితే సరిపోదు. పనస, మామిడి, ఇప్ప, నేరేడు కలిపి నాటితే పండూ ఉంటుంది, నీడా ఉంటుంది, కింద ఆకు కూడా రాలుతుంది.

రెండోది, ఏటవాలు పొలానికి అడ్డంగా, ఒకే మట్టంలో రాతి గట్లు వెయ్యాలి. గట్టు మీద వట్టివేరు లాంటి గడ్డి నాటితే దాని వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. దున్నడం కూడా వాలుకు అడ్డంగానే దున్నాలి. నిలువుగా దున్నితే ప్రతి చాలూ ఒక కాలవ అవుతుంది.

మూడోది, మెట్ట మీద చోళ్ళు, సామలు, కందులు కలిపి వేసే పాత అలవాటు మంచిది. ఒక పంట కోసినా ఇంకొకటి నేలను కప్పి ఉంచుతుంది. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల పథకం నడుపుతోంది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. లమ్తపుట్ వాళ్ళు మాండియా పేజ్ అన్నా, మనం చోడి అంబలి అన్నా ముంతలో ఉన్నది ఒకటే. పట్నంలో ఉన్న మనం నెలకు రెండు కిలోల చోళ్ళు కొంటే, అది కూడా ఆ మెట్టకు చేసిన సాయమే.

నాలుగోది చాలా చిన్నది. ఒనకఢిల్లీలో గురువారం సంత ముగిశాక ఒకసారి చూడండి. అడ్డాకు దొన్నెలు మట్టిలో కలిసిపోతాయి. ప్లాస్టిక్ గ్లాసులు గెడ్డలోకి పోతాయి. అడ్డాకులు కుట్టేది ఆ కొండల్లోని ఆడవాళ్ళే. దొన్నె కొంటే వాళ్ళకు నాలుగు రూపాయలు, గెడ్డకు మంచినీళ్ళు.

ఇవన్నీ ఒక్క లమ్తపుట్ వాళ్ళ పని కాదు. పాడేరు, ముంచింగిపుట్టు వైపు మెట్టలు బోసిపోయినా మట్టి చేరేది ఆ జాలాపుట్‌కే. కరెంటు సొమ్ములో, డెల్టా పంటలో కొంత భాగం ఎగువ మెట్టల మీద చెట్లకు, గట్లకు తిరిగి రావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఆవు పాలు పితుక్కునేవాడు గడ్డి కూడా వెయ్యాలి కదా. ఇక్కడి రైతుకు అది దానం కాదు, రావలసిన కూలి.

ఆ రోజు నేను బస్సు ఎక్కేసరికి టీ కొట్టు దగ్గర వాదన ఇంకా తెగలేదు. ఈలోగా జల్లు మొదలైంది. ఇద్దరూ పేపరు మడిచి నెత్తిన పెట్టుకుని చూరు కిందికి పరిగెత్తారు. రోడ్డు పక్క కాలవలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా పారుతున్నాయి. మీ ఊళ్ళో కూడా మొదటి వాన పడినప్పుడు గెడ్డ దగ్గరికి వెళ్ళి ఒక గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి, అరుగు మీద పెట్టి చూడండి. తెల్లారేసరికి అడుగున పేరుకున్న మట్టి ఎంతుందో పిల్లలకు చూపించండి. అది ఏ మెట్టదో వాళ్ళనే కనుక్కోమనండి.