చేతి నరముల గాయములు - హస్తపు వంకరలు

పురపాలక సంఘములయందును తాలూకా కచేరీలయందును పనిచేయు ఉద్యోగులు అర్జీదారుల చేతులను నిత్యము చూచుచుందురు. కలము పట్టలేని చేయి, వ్రేళ్లు ముడుచుకొనిన చేయి, వాలిపోయిన చేయి కానవచ్చినపుడు అది పుట్టుకతో వచ్చిన అవిటితనమనియో పక్షవాతమనియో తలచుట వాడుక. పెక్కుసార్లు దోషము దండచేతినుండి దిగివచ్చు నరమునందుండును. ఏ నరము చెడినదో చేతి వాలకమే తెలుపును. కాలము మించక మునుపు గుర్తించినచో చేతిని కాపాడవచ్చును గావున ఆ గుర్తులిట వివరింపబడుచున్నవి.

1. రేడియల్ నరము.— ఇది దండచేతి యెముక వెనుకభాగమును చుట్టి క్రిందికి దిగును. ఆ యెముక విరిగినను, మద్యపు మత్తులో కుర్చీ వీపుపై చేయి వ్రేలవేసి నిద్రించినను, చంకకర్ర ఒత్తిడి తగిలినను ఇది దెబ్బతినును. అపుడు మణికట్టు పైకి లేవక చేయి తోటకూర కాడవలె వాలిపోవును. వ్రేళ్లను ముడుచు కండరములు చెడకున్నను, మణికట్టు నిలువనందున పిడికిలికి బలముండదు. మణికట్టును ఎత్తి నిలుపు బద్దను కట్టినచో పట్టు కొంత తిరిగి వచ్చును.

2. అల్నార్ నరము.— ఇది మోచేతి లోపలివైపు ఎముక వెనుక, చర్మమునకు దాపుననే యుండును. అచట దెబ్బ తగిలిన చిటికెనవ్రేలివరకు జిల్లుమనుట యెల్లరెరిగినదే. ఇది చెడినపుడు ఉంగరపువ్రేలును చిటికెనవ్రేలును మొదటి కణుపువద్ద వెనుకకు వంగి, తక్కిన కణుపులవద్ద ముడుచుకొని గ్రద్దగోళ్లవలె నగును. రెండు వ్రేళ్ల నడుమ నుంచిన కాగితము లాగినంతనే జారిపోవును. కుష్ఠవ్యాధి చేతియందు తరచుగా పట్టునది ఈ నరమునే.

3. మీడియన్ నరము.— మణికట్టువద్ద గాజుపెంకో కత్తియో తెగుటవలన ఇది తరచుగా చెడును. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లకెదురుగా రాలేక, కోతిచేతియందువలె అరచేతి ప్రక్కన చదునుగా పడియుండును. గుండీ పెట్టుట, అన్నము ముద్దచేయుట కష్టమగును. బొటన, చూపుడు, నడిమి వ్రేళ్లకు స్పర్శ నశించును గనుక కాలినను తెగినను రోగి యెరుగడు.

కాలపరిమితి.— తెగిన నరపు కొసలను శస్త్రవైద్యుడు కలిపి కుట్టినచో, క్రొత్త పోగులు దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగును. మోచేతివద్ద తెగినది అరచేతి కండరములను చేరుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును. సంవత్సరమున్నరకు మించి నరములేక యెండిన కండరము మరల పనిచేయుట అరుదు. కుష్ఠమువలన కలిగిన బలహీనత 6 మాసములలోపలిదైనచో ప్రెడ్నిసలోన్ చికిత్సవలన తరచుగా మేలగును. ఆలస్యమైనవారికిని దారి కలదు. చెడని కండరపు స్నాయువును మార్చి కుట్టి వంకరచేతులను పనికి తెచ్చు శస్త్రచికిత్సను కుష్ఠరోగులకు చేయుట వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండు 1940ల చివరి సంవత్సరములలో ఆరంభించెను. అది నేటికిని చేయబడుచున్నది.

ఉద్యోగులు గమనింపవలసినవి.—

(అ) చేతి వంకరతోపాటు స్పర్శలేని పాలిపోయిన మచ్చ యున్నచో ఆ వ్యక్తిని జాగుసేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కుష్ఠమునకు మందులు అచట ఉచితముగా నొసగబడును.

(ఆ) స్పర్శ నశించిన పారిశుద్ధ్యపు పనివారికి చేతితొడుగులొసగవలెను. వేడిపాత్రలను గుడ్డతో పట్టుకొనుమనియు, ప్రతి సాయంత్రము చేతులను పరీక్షించుకొనుమనియు వారికి చెప్పవలెను.

(ఇ) కుష్ఠరోగులను నిర్బంధించుటకు వీలొసగిన 1898వ సంవత్సరపు చట్టము 2016లో రద్దయినది. చికిత్స పొందుచున్నవారిని పనినుండిగాని వీధినుండిగాని తొలగింపరాదు.

(ఈ) వ్రేలిముద్ర పడలేదను కారణమున పింఛనునుగాని బియ్యమునుగాని నిలుపరాదు. కంటిపాప గుర్తు మున్నగు ఇతర మార్గములు కలవు. చెడిన చేయి గలవానికి ఆ పింఛనే జీవనాధారమని యెరుగునది.