మిగిలిన నొప్పిమాత్రలు - గృహస్థుల విధి

మన యిండ్లలో ఏ వస్తువును ఊరక పాఱవేయు అలవాటు లేదు. మిగిలిన గింజ గాదెకు చేరును. పాతబట్ట పెట్టెకు చేరును. ఈ పొదుపు మెచ్చదగినదే. కాని అది మందుల అలమారకు ప్రాకినప్పుడు గుణమే దోషమగుచున్నది. శస్త్రచికిత్స చేయించుకొని యింటికి వచ్చిన రోగికి వైద్యులు వ్రాసియిచ్చిన నొప్పిమాత్రలలో కొన్ని మిగులును. నొప్పి తగ్గినంతనే రోగి వానిని మఱచును. ఎప్పటికైనను పనికివచ్చునని ఇంటివారు వానిని దాచుదురు. ఈ దాచిన మాత్రలను గూర్చియే నేడు మేము చదువరులకు విన్నవింపదలచినాము.

నొప్పిమాత్రలన్నియు ఒక్కజాతివి కావు. పారసెటమాల్ వంటివి వేఱు. నల్లమందు వంశమునకు చేరిన మార్ఫిన్, కోడీన్, ఫెంటనిల్, వానివలెనే పనిచేయు ట్రామడాల్, టాపెంటడాల్ వేఱు. ఈ రెండవ జాతి మందులు నొప్పిని అణచుటతో పాటు శ్వాసను నడపు మెదడు భాగమునుగూడ మందగింపజేయును. రోగి వయస్సును, బరువును, ఇతర వ్యాధులను చూచి వైద్యుడు నిర్ణయించిన మోతాదు ఆ రోగికి ఉపశమనము. అదియే మఱియొకరికి, ముఖ్యముగా పసిబిడ్డకు, ప్రాణాంతకము కావచ్చును. మద్యముతో గాని నిద్రమాత్రలతో గాని కలిసినచో అపాయము ఇనుమడించును.

ఇట్లు మాత్రలు మిగులుట అరుదైన సంగతియు కాదు. అమెరికాలో జరిగిన ఆఱు పరిశీలనలను ఒకచోట చేర్చి 2017లో ప్రకటించిన సమీక్షనుబట్టి చూడగా, శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 67 మొదలు 92 మంది వఱకు ఇట్టి మాత్రలు తమకడ మిగిలినవని చెప్పిరి. వానిని తాళము వేసి యుంచినవారును, విధిప్రకారము పాఱవేసినవారును మిక్కిలి తక్కువ. ఆ దేశమున 2021వ సంవత్సరమొక్కదానిలోనే ఈ జాతి పదార్థములను మితిమీఱి సేవించి సుమారు 80 వేలమంది మరణించిరి. అందు అధికభాగము దొంగచాటుగా తయారైన ఫెంటనిల్ వలననే యనుట నిజము. అయినను ఆ యుపద్రవమునకు మొదటి మెట్టు వైద్యుల చీటీలపై వచ్చిన మాత్రలే. వైద్యావసరము లేక అట్టి మాత్రలు మ్రింగినవారిలో పెక్కురకు అవి స్నేహితులకడనుండియు బంధువులకడనుండియు లభించినవే.

మన దేశపు స్థితి వేఱు. ఇచ్చట చిరకాలముగా కొఱతయే దుఃఖము. ప్రభుత్వానుమతితో నల్లమందు పండించు దేశమయ్యును, 1985 నాటి మాదకద్రవ్య శాసనపు కట్టుబాట్లవలన క్యాన్సరు రోగులకు మార్ఫిన్ దొరకుట దుర్లభమైనది. 2014లో శాసనమును సవరించి ఆ చిక్కులను కొంత సడలించిరి. 2018లో ట్రామడాలును ఆ శాసనము క్రిందికి దెచ్చిరి. కావున మా మాటలు చదివి ఏ రోగియు వైద్యుడు వ్రాసిన మందును మానరాదు. నిష్కారణముగా బాధపడుట ఎవరికిని మేలు కాదు. మేము కోరునది ఒక్కటే: మందు రోగికి చేరవలెను, మిగిలినది మఱియెవ్వరికిని చేరరాదు. శాసనము అంగడివానిని లెక్క యడుగును. మన అలమారను లెక్క యడుగు అధికారి లేడు. ఆ లెక్క గృహస్థుడే చూచుకొనవలెను.

అందుకు మార్గము కఠినమైనది కాదు. వాడుచున్నంతకాలము మాత్రలను లెక్కించి తాళములో నుంచవలెను. ఇక చాలునని వైద్యుడు చెప్పిన దినముననే, మిగిలినవానిని ఆసుపత్రివారు గాని మందుల షాపువారు గాని తిరిగి తీసికొందురేమో విచారింపవలెను. తీసికొనువారు లేనిచో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ప్రకటించిన మార్గదర్శకములు గలవు. అందలి 17 మందుల పట్టికలో ట్రామడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, ఫెంటనిల్ చేరియున్నవి. వీనిని మరుగుదొడ్డిలో వేసి నీటితో పోగొట్టవలెనని ఆ సంస్థ సలహా. నీరు చెడునను శంక సహజమే. కాని యింటిలో నిలువయున్న యిట్టి మందువలన ప్రాణమునకు గల అపాయము అంతకంటె పెద్దది. పట్టికలో లేని మందులను, యాంటీబయోటిక్ మాత్రల వంటివానిని, అట్లు చేయరాదు. ఏ మందునుగూడ చెఱువులోను, కాలువలోను, బావి దరిని పాఱవేయరాదు. చర్మముపై అంటించు ఫెంటనిల్ పట్టీలో వాడిన పిదపను మందు నిలిచియుండును. దానిని జిగురు లోపలికి వచ్చునట్లు మడచి పోగొట్టవలెను.

పొరపాటున ఎవరైన ఈ మాత్రలు మ్రింగి, మగతలో పడి, కంటిపాప సూదిమొనవలె చిన్నదై, శ్వాస మందగించినచో, ఇంటివైద్యములతో కాలము పుచ్చక వెంటనే 108కి ఫోను చేయవలెను. మ్రింగిన మందు అట్టను వెంట తీసికొనిపోవలెను. నాలోక్సోన్ అను విరుగుడు గలదు. అది వేళకు అందినప్పుడే ఫలము.

గృహస్థులకు విధి చెప్పి ప్రభుత్వమును విడిచిపెట్టుట న్యాయము కాదు. కేరళ ప్రభుత్వము 2025లో కోళికోడునందు ఇండ్లలో మిగిలిన మందులను సేకరించు పథకమును ఆరంభించినది. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రతి పట్టణమున, ప్రతి పెద్ద గ్రామమున అట్టి యేర్పాటు ఏల యుండరాదు? మాదకద్రవ్య శాసనము అడ్డువచ్చునందురేని, ఆ అడ్డును తొలగించుట శాసనకర్తల పనియే. వైద్యులును తొలుత కొలదిదినములకే మాత్రలు వ్రాసి, అవసరమైనచో మరల వ్రాయుదురేని మిగులుబాటే తగ్గును.

పూర్వము ఈస్టిండియా కంపెనీవారు మన రైతులచే నల్లమందు పండింపించి, చైనా ప్రజలను మత్తులో ముంచి ధనార్జన చేసిరి. జాతీయోద్యమ కాలమున మనవారు అస్సాములో నల్లమందుపై పోరు సల్పిరి. నాడు శత్రువు కంటికి కనబడెను. నేడు అదే వంశపు మందు ఉపకారిగా, వైద్యుని చీటితో, మన యింటిలోనికి వచ్చుచున్నది. దాని పని ముగియగనే దానిని సాగనంపుట మన చేతిలోనే యున్నది. చదువరులు ఈ పత్రికను మడచిపెట్టి, ముందుగా తమ మందుల అలమారను తెఱచి చూతురుగాక.