తక్కువ ధరకే పాత ఆర్మీ రైఫిల్.. అమెరికాలో ఓకే, సిక్కోలులో కొంటే ఏమవుతుంది?

అమెరికాలో ఒక గన్ షాపు. గోడకు వరసగా పాత మిలటరీ రైఫిళ్లు. కర్ర బట్ మీద గీతలు, అక్కడక్కడా తుప్పు.. ధర మాత్రం కొత్త వాటి కంటే బాగా తక్కువ. ఇలాంటి వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరు వెళ్లినా ఆర్మీలో పనిచేస్తున్నవాళ్లో, రిటైరైనవాళ్లో కనిపిస్తారు. కాబట్టి 'మనమూ ఒకటి కొనొచ్చా?' అనే డౌట్ రావడం సహజమే. సూటిగా చెప్పాలంటే, కొనలేరు.

ఇంకో విచిత్రం ఏంటంటే.. ఆ షాపుల్లో అమ్ముడైన వాటిలో మన దేశంలో తయారైన రైఫిళ్లూ ఉన్నాయి. 1962 చైనా యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్లు తర్వాత సర్‌ప్లస్ సరుకుగా అమెరికా చేరాయి. అక్కడ పాత తుపాకులు సేకరించేవాళ్లు వాటిని కొనుక్కున్నారు. తయారైన దేశంలో మాత్రం మామూలు మనిషికి దొరకవు.

కారణం తూటా. ఆయుధ నిబంధనలు-2016 ప్రకారం .303, 7.62 రైఫిళ్లు, ఆ సర్వీసు తూటాలు పట్టే వేరే ఏ రైఫిలైనా మామూలు లైసెన్స్ కిందకు రావు. కలెక్టర్ ఇచ్చే లైసెన్స్ చాలదు, కేంద్రమే అనుమతి ఇవ్వాలి. సైన్యం, పోలీసుల తూటాలు బయటి తుపాకుల్లోకి వెళ్లకూడదన్న భయం బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నదే. అందుకే పౌరుల కోసం .315 రైఫిల్ వచ్చింది. దీన్నీ ఇషాపూర్‌లోనే చేశారు. పాత .303తో పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, దాని తూటా దీనికి పట్టదు.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే రోజు .303కి వీడ్కోలు పలికారు. అలా రిటైరైన రైఫిళ్లను షాపుల్లో పెట్టి జనానికి అమ్మే పద్ధతి మన దగ్గర లేదు. కాబట్టి 'ఆర్మీ స్టాక్, అడ్వాన్స్ పంపండి' అని ఎవరైనా మెసేజ్ పెడితే అది మోసమైనా అయ్యుండాలి, దొంగ ఆయుధమైనా అయ్యుండాలి. జవాన్ల ఫొటోలు పెట్టి బైకులు, ఫోన్లు అమ్ముతామని డబ్బులు కొట్టేసే ముఠాల సంగతి తెలిసిందే కదా. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

రైఫిల్ నిజంగానే చేతికొస్తే ఇంకా ప్రమాదం. 2019 సవరణ తర్వాత, లైసెన్స్ లేని మామూలు తుపాకీ దగ్గరుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు. నిషేధిత ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్లు. ఆర్మీ ఉద్యోగానికి గ్రౌండ్‌లో పరుగులు తీస్తున్న కుర్రాడి పేరు ఇలాంటి కేసులోకి ఎక్కితే ఆ కల అక్కడే ఆగిపోవచ్చు.

మరి సెకండ్ హ్యాండ్‌లో ఏదీ కొనలేమా? కొనొచ్చు. .315 రైఫిల్, 12 బోర్ గన్ లాంటివి లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ, లైసెన్స్ ఉన్న వ్యక్తి దగ్గర గానీ తీసుకోవచ్చు. కొనేవాళ్లకు 21 ఏళ్లు నిండి, చేతిలో లైసెన్స్ ఉండాలి. ఇద్దరు వ్యక్తుల మధ్య బేరమైతే, అమ్మే ఆయన ముందుగా కలెక్టర్‌కో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో కొనేవాళ్ల పేరు, అడ్రస్ రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. ఈరోజు డబ్బు, రేపు తుపాకీ అంటే కుదరదు. ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు.

సీతంపేట, కురుపాం వైపు రైతుల బాధ వేరు. అడవి పందులు, ఏనుగులు చేలల్లో పడి పంట తొక్కేస్తుంటే ఏదో ఒక తుపాకీ ఉంటే బాగుండు అనిపిస్తుంది. పంట కాపలా కోసం గొట్టంలో మందు కూరి పేల్చే పాతరకం తుపాకీకి లైసెన్స్ అడిగే వీలు చట్టంలోనే ఉంది. లైసెన్స్ లేని నాటు తుపాకీ మాత్రం నేరమే. పైగా లైసెన్స్ ఉన్నంత మాత్రాన జంతువును కాల్చొచ్చని కాదు. ఏనుగు మీద కాలిస్తే వన్యప్రాణి చట్టం కింద ఇంకో కేసు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. నాన్నో, తాతో బ్యాంకు గార్డుగా చేసి చనిపోయారు, ఆయన గన్ ఇంకా బీరువాలోనే ఉంది. ఆయన లైసెన్స్ మీ పేరు మీదకు దానంతటదే రాదు. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ, డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఉంచుకోవాలనుకుంటే వారసుడిగా లైసెన్స్‌కు అప్లై చేయొచ్చు. వద్దనుకుంటే, లైసెన్స్ ఉన్నవాళ్లకు అమ్మేయొచ్చు.